తలుపు కింద సందు

బారీ గ్రుష్కిన్ ఎవర్నీ నమ్మేవాడు కాదు. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న మా యూనివర్సిటీలో, ఆడపిల్లలూ మగపిల్లలూ ఉండే థాచర్ హాల్ అనే నాలుగంతస్తుల హాస్టల్‌కి ఇరవై ఆరేళ్ళుగా అతనే మెయింటెనెన్స్ మనిషి. తాళంచెవి పోయిందని వచ్చిన పిల్లని "పోయిందా, ఎవరికైనా ఇచ్చావా?" అని అడిగేవాడు. గాలికి అద్దం పగిలిందని చెబితే ముక్కలు గది లోపల పడ్డాయో బయట పడ్డాయో చూసి వచ్చేవాడు. పిల్లలు నవ్వుకునేవారు. మిస్టర్ జి అని పిలిచేవారు.

ఈ అలవాటు తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. ఆయన క్లీవ్‌లాండ్‌లో కిటికీ అద్దాలు బిగించేవాడు. బారీకి ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ ప్రార్థన మందిరం అద్దాలు ఒకే చలికాలంలో మూడుసార్లు పగిలాయి. మూడుసార్లూ కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళి, ముందు నేల మీద పరిచి ఉన్న ముక్కల్ని చూసి, రాయి ఎటు నుంచి వచ్చిందో, విసిరినవాడు ఎంత ఎత్తు మనిషో అంచనా వేసి, ఆ తర్వాతే కొత్త అద్దం కోసేవాడు. "పోలీసులకి చెబుతావా నాన్నా?" అని బారీ అడిగితే "వాళ్ళకి తెలుసు. నాకు తెలియడం కోసం చూస్తున్నా" అన్నాడట.

బారీ పెద్దగా మడి పాటించే యూదుడు కాదు. అవసరమైతే శనివారం కూడా పనిచేసేవాడు. ప్రార్థనలు సగం వరకే వచ్చు. కానీ ప్రతి సెప్టెంబరులో థాచర్ హాల్ కింది అంతస్తులో మెజూజాలు బిగించేది అతనే. గుమ్మానికి కుడివైపు కాస్త వాలుగా పెట్టే వేలెడంత గొట్టం అది. లోపల చుట్టచుట్టిన తోలు మీద ప్రార్థన రాసి ఉంటుంది. హాస్టల్ గోడలకి మేకులు కొట్టకూడదు కాబట్టి రెండువైపులా అంటుకునే టేపు వాడేవాడు. ఆ ఏడు పదకొండు గదులకి పెట్టాడు. గది నంబర్లు జేబు పుస్తకంలో రాసుకున్నాడు. జూన్‌లో అవి జాగ్రత్తగా ఊడదీయాలి కదా.

మతం గట్టిగా పాటించే యూదు పిల్లలు కింది అంతస్తే కోరుకుంటారు. శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్ళకి సబ్బాత్, విశ్రాంతి దినం. లిఫ్టు ఎక్కరు, ఫోను ముట్టరు, పెన్ను పట్టరు. ఆ వేసవిలో యూనివర్సిటీ హాస్టల్ తలుపులన్నీ మార్చి కార్డు గీస్తే తెరుచుకునేవి పెట్టాలనుకుంది. కార్డు తాళం కరెంటుతో పనిచేస్తుంది, శనివారం ఆ పిల్లలు గీయలేరు. బారీ ఆఫీసు చుట్టూ వారం రోజులు తిరిగి, కింది అంతస్తుకి మాత్రం పాత తలుపులూ ఇనప తాళంచెవులూ ఉండేటట్టు ఒప్పించాడు. పై మూడంతస్తులకీ కొత్త తలుపులు వచ్చాయి. తనకి థాంక్స్ చెప్పడానికి వచ్చిన పిల్లల్ని కూడా అతను అనుమానంగానే చూశాడు. "ఇంకేం కావాలి మీకు?" అన్నాడు.

నవంబరు రెండో శుక్రవారం సాయంత్రం, కింది అంతస్తు యూదు పిల్లలందరూ సబ్బాత్ భోజనానికి వెళ్ళి ఎనిమిదింటికి తిరిగొచ్చేసరికి, వాళ్ళ ప్రతి గదిలోనూ నేల మీద ఒక కాగితం పడి ఉంది. పైన పెద్దక్షరాలతో ఖాళీ చేయమనే నోటీసు. "ఈ గది మూడు రోజుల్లో కూల్చివేయబడుతుంది. మీ సామాన్లకు మేము బాధ్యులం కాము." కింద చిన్నక్షరాలు: "ఇది నిజం నోటీసు కాదు. ఇజ్రాయెల్ ప్రభుత్వం పాలస్తీనా కుటుంబాలకి ఇచ్చే నోటీసు ఇలా ఉంటుంది. మన యూనివర్సిటీ సొమ్ము ఆ ప్రభుత్వానికి వెళ్ళడం ఆపండి." దాని కింద ఒక విద్యార్థి సంఘం పేరు.

తొమ్మిదో నంబరు గదిలో ఉండే అవీవా మాండెల్‌కార్న్‌కి ఒకటి కాదు, రెండు వచ్చాయి. రెండో దాని మీద అచ్చుకి అడ్డంగా లావు మార్కర్‌తో ఒక వాక్యం రాసి ఉంది. ప్రపంచయుద్ధం నాడు యూదుల్ని చంపి కాల్చిన పొయ్యిల గురించి. దాన్ని ఇక్కడ మళ్ళీ రాయనక్కర్లేదు. అది ఇజ్రాయెల్ గురించి కాదు, ఏ ప్రభుత్వం గురించీ కాదు.

ఆ పిల్లలు ఫొటో తీయలేదు, పోలీసుల్ని పిలవలేదు, కంప్లెయింట్ రాయలేదు. సబ్బాత్ కదా. ఒక గదిలో పదహారు మంది కూర్చుని తలుపు వైపు చూస్తూ గడిపారట. శనివారం సాయంత్రం చుక్కలు పొడిచాక ఫోన్లు తీసి ఫొటోలు తీసి, పై అంతస్తులకి వెళ్ళి చూశారు. కారిడార్లు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క కాగితం లేదు. పదకొండు మెజూజాలు, పదకొండు గదుల్లో నోటీసులు. కంప్లెయింట్ ఆ రాత్రే వెళ్ళింది.

కాగితం మీద సంఘం పేరు ఉండనే ఉంది. సంఘం కార్యదర్శి దీమా షహీన్, మూడో సంవత్సరం, టొలీడో ఊరి ముస్లిం పిల్ల. ఆదివారం ఆమెని పిలిస్తే ఏమీ దాచలేదు. "నేనే పెట్టాను. హాస్టల్ మొత్తం పెట్టాను. ప్రతి తలుపుకీ" అంది. రెండో కాగితం మీద రాత చూపిస్తే తెల్లబోయింది. అది తనది కాదంది. పై అంతస్తుల పిల్లలందరికీ ఆఫీసు మెయిల్ పంపింది: మీ గదిలోకి ఇలాంటి నోటీసు వచ్చిందా? జవాబిచ్చినవాళ్ళందరూ రాలేదన్నారు.

విద్యార్థుల క్రమశిక్షణ చూసే లారెన్ పికెట్ సోమవారం పొద్దున్నే బారీని పిలిపించింది.

"మిస్టర్ గ్రుష్కిన్, ఏ గదులకి మెజూజాలు ఉన్నాయో మీకు తెలుసు కదా?"

బారీ జేబు పుస్తకం తీసి నంబర్లు చదివాడు. లారెన్ కంప్లెయింట్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టింది. పదకొండూ సరిపోయాయి. ఆమె చూసి రమ్మన్నమీదట పై అంతస్తులన్నీ తిరిగి వచ్చి, కాగితాలేవీ కనపడలేదని రాసి సంతకం పెట్టాడు. "ఆ అమ్మాయి అన్ని తలుపులకీ పెట్టానంటోంది. మీరేమంటారు?" అని ఆమె అడిగితే "దొరికినవాళ్ళందరూ అదే అంటారు" అన్నాడు.

గురువారం విచారణ. ఎంచుకుని యూదుల తలుపులకే పెట్టిందని తేలితే దీమాని ఏడాదిపాటు పంపించేస్తారు, స్కాలర్‌షిప్ పోతుంది. స్కాలర్‌షిప్ పోతే ఆ పిల్ల తిరిగి రాదని అందరికీ తెలుసు. దానికి వాళ్ళ దగ్గరున్న ఆధారం అవీవా రెండో కాగితం, బారీ సంతకం.

ఆ సోమవారం రాత్రి భోజనాల దగ్గర భార్య ఎలేన్ "మంచి పని చేశావు" అంది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో చేస్తుంది. ఊళ్ళో వార్త ఏదైనా ఆమెకి ముందు తెలుస్తుంది. "పదకొండుకి పదకొండు! ఇంకా ఆ పిల్ల ఏ మొహం పెట్టుకుని అబద్ధం చెబుతోందో!"

"రెండో కాగితం సరే. అది ఏమిటో నాకు తెలుసు. మొదటిది అంత ఘోరంగా ఉందంటావా?" అన్నాడు బారీ.

"ఘోరం కాదూ! మన పిల్లల గదిలో ఇల్లు ఖాళీ చెయ్యమని!"

"శనివారం మందిరంలో మీ తమ్ముడు హెరింగ్ చేప నములుతూ ఆ ప్రభుత్వాన్ని తిట్టిన తిట్లలో ఇవి పదోవంతు లేవు. ప్రార్థన చేయించే రబ్బయి కూడా ఆపలేదు. ఇంకో ముక్క వేసుకోమన్నాడు."

"వాడు తిడితే వేరు."

"ఏం వేరు?"

"వాడు ఏడుస్తూ తిడతాడు, బారీ. బయటివాళ్ళు నవ్వుతూ తిడతారు. నీకు తేడా తెలీదా?"

"తెలుసు. మా నాన్న అద్దాలు మూడుసార్లు వేశాడు. అందుకే అడుగుతున్నా. ఆ రాళ్ళ మీద ఏ ప్రభుత్వం పేరూ రాసి లేదు."

"అయితే ఇప్పుడు ఆ పిల్ల పక్షమా నువ్వు?"

"ఎవరి పక్షమూ కాదు. ఉప్పు ఇలా ఇవ్వు."

మొదటి మంచు పడబోతోందని మంగళవారం రేడియోలో చెప్పారు. ఖాళీ గదుల్లో రేడియేటర్లలో నీళ్ళు గడ్డకట్టి పైపులు పగలకుండా బారీ ముందే తెరిచి పెడతాడు. కింది అంతస్తులో సగం పైన హాలూ లాండ్రీలే, ఉండే గదులు పద్నాలుగు. పదకొండు పోగా మిగిలినవి మూడు. ఒకదాంట్లో హాకీ ఆడేవాళ్ళు ఇద్దరు ఉంటారు, ఆ వారాంతం పోటీకి వేరే ఊరు వెళ్ళారు. మిగతా రెండూ ఖాళీ. బారీ పన్నెండో నంబరు తాళం తీసి తలుపు తోశాడు. బూటు కింద ఏదో జారింది.

నోటీసు.

ఆ గదికి మెజూజా లేదు. ఆగస్టు నుంచి అందులో ఎవరూ లేరు. పద్నాలుగో నంబరు తెరిచాడు. అక్కడా ఒకటి.

బారీ మంచం అంచున కూర్చున్నాడు. ముందుగా అతనికి కలిగిన ఆలోచన ఆ పిల్ల తెలివైనదని. ఆదివారం నిలదీశాక మళ్ళీ వచ్చి, ఎవరూ చూడకుండా ఖాళీ గదుల్లోకి తోసి ఉంటుంది. తనే ఆ స్థానంలో ఉంటే అదే చేసేవాడు. వెళ్ళి హాకీ కుర్రాళ్ళ తలుపు కొట్టాడు. వాళ్ళలో పొడుగువాడు బయటికి వచ్చాడు.

"మీ గదిలో ఇలాంటి కాగితం వచ్చిందా?"

"ఆఁ, వచ్చింది మిస్టర్ జి. ఆదివారం పొద్దున బస్సు దిగి వచ్చేసరికి ఉంది. పిజ్జా షాపు వాడి ప్రకటన అనుకున్నాం. వీడు దాని మీద తడి బూట్లు పెట్టాడు."

"ఎవరికీ చెప్పలేదేం?"

"పిజ్జా కాగితం వచ్చిందని చెప్పాలా?"

ఆదివారం పొద్దున అంటే ఆఫీసు దీమాని పిలవకముందు. అప్పటికే వీళ్ళ గదిలో ఉంది. వీళ్ళ గుమ్మానికీ మెజూజా లేదు. బారీ మళ్ళీ పన్నెండో నంబరుకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని తలుపు కిందికి చూశాడు. పాత తలుపు. వేలు దూరేంత సందు. కాగితం గాలికి కూడా లోపలికి వెళ్తుంది. అక్కణ్ణుంచి మెట్లెక్కి రెండో అంతస్తుకి వెళ్ళాడు. కొత్త తలుపులకి అడుగున నల్ల రబ్బరు పట్టీ ఉంటుంది, మంటలు రేగితే పొగ చొరబడకుండా. జేబులోంచి నోటీసు తీసి ఒక తలుపు కింద తోశాడు. వెళ్ళలేదు. ఇంకాస్త గట్టిగా తోశాడు. కాగితం అంచు ముడుచుకుని, నల్లటి చార పడి, బయటే ఆగిపోయింది.

మీ గదిలోకి వచ్చిందా అని ఆఫీసు అడిగింది. పైవాళ్ళ గదుల్లోకి రాలేదు. వాళ్ళు నిజమే చెప్పారు.

మరి కారిడార్లలో పడి ఉండాల్సిన కాగితాలన్నీ ఏమైనట్టు?

వారాంతాల్లో థాచర్ హాల్ ఊడ్చేది సెనాదా. యుద్ధం అయ్యాక బోస్నియా నుంచి వచ్చి ఈ ఊళ్ళో పాతికేళ్ళుగా ఉంటోంది. మామూలు రోజుల్లో లైబ్రరీలో పని. బారీ వెళ్ళేసరికి లైబ్రరీ మెట్ల కింద స్టూలు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటోంది.

"సెనాదా, శనివారం పై అంతస్తుల్లో కాగితాలేమైనా ఉన్నాయా?"

"ఏమైనా ఏమిటి! ప్రతి తలుపు ముందూ ఒకటి. నాలుగో అంతస్తు నుంచి రెండో అంతస్తు దాకా వంగి వంగి ఏరాను. నడుం విరిగింది. ఎవడో సోమరిపోతు, లోపలికి తొయ్యడం కూడా చేతకాలేదు."

"ఎన్ని గంటలకి?"

"పొద్దున తొమ్మిదింటికి మొదలెట్టా. ఎందుకు?"

"ఇంత గొడవ జరుగుతుంటే ఎవరికీ చెప్పలేదేం?"

సెనాదా కప్పు కింద పెట్టింది. "నన్నెవరు అడిగారు? ఆఫీసు మెయిల్ పిల్లలకి పంపింది. ఊడ్చేదానికి పంపలేదు. పోనీ నేనే వెళ్ళి చెప్పాననుకో. నా పేరు వినగానే ఏమంటారు? ముస్లిం మరో ముస్లింని కాపాడటానికి వచ్చింది అంటారు."

బారీ ఆమె వైపు కళ్ళు చిట్లించి చూశాడు.

"నువ్వూ ఇప్పుడు అదే అనుకుంటున్నావు కదూ?"

"అనుకోవాలి కదా. అనుకోవడం నా పని."

"అఘోరించావులే! అయితే నా మాట నమ్మకు. హాస్టల్ బేస్‌మెంట్‌కి పో. కాగితాల సంచులు నీలం రంగువి. లారీ గురువారం గానీ రాదు. ఇంకా అక్కడే ఉన్నాయి. వేళ్ళతో లెక్కపెట్టుకో. వచ్చేటప్పుడు నా నడుముకి మందు తీసుకురా."

బారీ బేస్‌మెంట్‌లో రెండు గంటలు కూర్చున్నాడు. పిజ్జా డబ్బాలు, పరీక్ష పేపర్లు, ఎవరో చింపేసిన ప్రేమలేఖ, వాటి మధ్య నోటీసులు. ఒక్కొక్కటీ తీసి గోడకి ఆనించి సాపు చేశాడు. తొంభై పైచిలుకు దొరికాయి. దాదాపు అన్నింటికీ ఒకే అంచు ముడుచుకుపోయి, దాని పొడుగునా నల్ల రబ్బరు చార ఉంది. ఎవరైనా తర్వాత దొంగతనంగా తెచ్చి సంచిలో పడేశారేమోనని అప్పటికీ అతనికి ఒక అనుమానం. కానీ తొంభై కాగితాల్ని ఒక్కొక్కటిగా కొత్త తలుపు కింద తోసి, ఆగిపోయాక తీసి, సంచిలో వేసేంత ఓపిక ఎవరికుంటుంది? ఆ అనుమానం అక్కడ ఆగింది.

తనే పట్టుబట్టి ఉంచిన పాత తలుపుల కిందే కాగితాలు లోపలికి వెళ్ళాయి. తనే ఇచ్చిన జాబితాతో అవి యూదుల తలుపులని తేలింది. బారీ తర్వాత ఈ సంగతి ఎవరు అడిగినా చెప్పాడు. బాధపడుతున్నట్టు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం అవీవా తలుపు కొట్టాడు. ఆమె గొలుసు తీయకుండా సందులోంచి చూసి, అతనే అని తెలిశాక తీసింది. ఆ గొలుసు సోమవారం ఆమె అడిగితే బారీ బిగించినదే.

"ఆ రెండు కాగితాల ఫొటోలు ఒకసారి చూపించమ్మాయ్."

ఆమె ఫోను ఇచ్చింది. శనివారం రాత్రి నేల మీద పెట్టి తీసినవి. మొదటిది తెల్లగా, చక్కగా ఉంది. రాత ఉన్న రెండోది చూసి బారీ ఫొటో పెద్దది చేశాడు. ఎడమవైపు అంచు ముడుచుకుపోయింది. దాని పొడుగునా నల్ల చార.

అతను జరిగింది చెప్పాడు. తలుపులు, రబ్బరు పట్టీలు, సంచులు. అవీవా చేతులు కట్టుకుని విన్నది.

"అయితే ఆమె అన్ని తలుపులకీ పెట్టిందంటారు."

"ఆఁ."

"మరి ఈ రాత?"

"ఈ కాగితం ముందు పైన ఏదో తలుపు దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఎవరో తీసుకున్నారు. రాసి, కిందికి తెచ్చి, నీ తలుపు కింద తోశారు. నీకు అప్పటికే ఒకటి వచ్చిందని వాళ్ళకి తెలీదు."

"అంటే పైన ఉండేవాళ్ళలో ఒకరు."

"పైన ఉండేవాళ్ళు కావచ్చు. పైకి వెళ్ళి వచ్చినవాళ్ళు కావచ్చు."

"ఆమె అయి ఉంటే బాగుండేది మిస్టర్ జి." అవీవా తలుపు గొలుసుని వేలికి చుట్టుకుంది. "ఆమె అయితే నాకు పేరు తెలుసు, మొహం తెలుసు. ఎటు వస్తుందో చూసుకుని తప్పుకునేదాన్ని. ఇప్పుడు నూటయాభై మంది. పొద్దున నా పక్కన నిలబడి కాఫీ పోసుకునేవాడు కావచ్చు, కెమిస్ట్రీ క్లాసులో నోట్సు అడిగేది కావచ్చు. రేపు మీరు ఇది చెబితే, ఆమెకి ఏమీ కాదు. ఆ తర్వాత ఇంకెవరూ దీన్ని వెతకరు. కేసు అయిపోయిందంటారు."

"చెప్పకపోతే కూడా వెతకరు. దొరికిందంటారు."

ఆమె చెయ్యి చాచింది. ఫోను తీసుకుని "మీరు మా మనిషి అనుకున్నాను" అంది.

"మీ మనిషినే. అందుకే ముందు నీకు చెప్పడానికి వచ్చాను."

గురువారం విచారణ గదిలో పొడవాటి బల్లకి అటువైపు లారెన్ పికెట్, ఇద్దరు ప్రొఫెసర్లు. ఇటువైపు దీమా, పక్కన ఆమె తండ్రి. ఆయన టొలీడోలో పంప్ రిపేర్లు చేసే మనిషి. నాలుగింటికి లేచి కారు నడుపుకుంటూ వచ్చాడు. అవీవా గోడవారగా కూర్చుంది. బారీ నీలం సంచి ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. రెండోచేతిలో విడి రబ్బరు పట్టీ ముక్క.

లారెన్ సంచి వైపు చూసి ముక్కు ముడిచింది. "మిస్టర్ గ్రుష్కిన్, సోమవారం మీరు పైన కాగితాలు లేవని సంతకం పెట్టారు."

"సోమవారానికి లేవు. శనివారానికి ఉన్నాయి. చూడండి."

కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. పట్టీ చూపించి, ఒక కాగితం తోసి చూపించాడు. రెండో కాగితానికి అవీవా తీసిన ఫొటో అచ్చు తెప్పించమన్నాడు. అంతా కలిపి పావుగంట పట్టింది. కాగితాలకి పిజ్జా వాసన వేస్తోంది. ప్రొఫెసర్లలో పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని అంచుల్ని ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసింది.

"ఒక్క మాట అడుగుతాను. మీరూ యూదులే కదా. ఈ నోటీసు యూదుల మీద ద్వేషంతో రాసిందని మీకు అనిపించలేదా?" అందావిడ.

"నాకు ఒళ్ళు మండింది. రాత్రి ఒంటరిగా గదిలోకి వచ్చిన పిల్లకి ఇలాంటి కాగితం కనిపించడం నాకు నచ్చలేదు. ఇందులో చెప్పని సంగతులు కూడా చాలా ఉన్నాయి. కానీ ఇది ఒక ప్రభుత్వం ఇళ్ళు కూలుస్తోందంటోంది. అబద్ధమైతే అబద్ధమనండి. సగం అబద్ధమైతే ఏ సగమో చెప్పండి. వాదించుకోవచ్చు. మా ఇంట్లో సోమవారం నుంచి అదే జరుగుతోంది." బారీ రాత ఉన్న ఫొటో మీద వేలు పెట్టాడు. "దీనితో ఏం వాదిస్తారు? దీనికి ఒక ప్రభుత్వం మారితే చాలదు. మేము లేకుండా పోవాలి. మీరు రెండిటినీ ఒకే గుండుసూదికి గుచ్చారు. విడదీయండి. ఒకటి ఈ పిల్లది. రెండోది ఎవరిదో కనిపెట్టండి."

"ఆమె యూదుల తలుపుల్ని ఎంచుకోలేదని మీరు ప్రమాణం చేసి చెప్పగలరా?" అంది లారెన్.

"ఆమె మనసులో ఏముందో నాకు తెలీదు. నా సొంత భార్య మనసులో ఏముందో తెలీదు. తలుపుల గురించి చెబుతున్నాను."

దీమా తండ్రి ఉన్నట్టుండి నవ్వాడు. కూతురు మోచేత్తో పొడిచింది.

అనుమతి లేకుండా హాస్టల్లో కాగితాలు పెట్టినందుకు దీమాకి మందలింపు ఉత్తరం ఇచ్చారు. అంతే. స్కాలర్‌షిప్ పోలేదు. రెండో కాగితం మీద దర్యాప్తు కొనసాగుతుందని ఒక వాక్యం రాశారు.

బయట మంచు పడుతోంది. బారీ ఖాళీ సంచి మడుస్తుంటే దీమా వచ్చి నిలబడింది.

"మీరు రాకపోతే—"

"నాకు థాంక్స్ చెప్పకు. నీ కాగితం నాకు నచ్చలేదు."

"నచ్చమని నేను అడగలేదుగా."

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. కింది అంతస్తులో ఆ గుమ్మాల మీద మెజూజాలు చూశావా?"

"చూశాను. మొదటి తలుపు దగ్గర ఆగాను కూడా. వాళ్ళకి మానేద్దామా అనుకున్నాను. అందరికీ ఇచ్చి వాళ్ళొక్కళ్ళకీ మానేస్తే, అది మాత్రం వేరు చెయ్యడం కాదా? అందుకని పెట్టేశాను."

"పెట్టాక ఎలా ఉంది?"

"బాగాలేదు" అంది దీమా. "ఇప్పుడు కూడా బాగాలేదు."

బారీ ఆమె మొహంలోకి చూశాడు. నిజమే చెబుతోందనిపించింది. ఇలాంటి జవాబు ముందే తయారుచేసి పెట్టుకోవచ్చని కూడా అనిపించింది. "మీ నాన్న కారు అద్దాల మీద మంచు గీకుతున్నాడు. వెళ్ళి సాయం చెయ్యి" అన్నాడు.

తర్వాతి వారం దీమా సంఘం వాళ్ళు "మాకోసం నిలబడ్డ యూదు" అని బారీ ఫొటో వేసి పోస్టరు తయారుచేశారు. అతను సంఘం గదికి వెళ్ళి ఇరవై పోస్టర్లూ తీసుకుని, "నేను ఎవరి కోసమూ నిలబడలేదు. నా మొహం నాది" అని చంకలో పెట్టుకుని వచ్చేశాడు. ఊళ్ళోని యూదు వారపత్రికలో ఒకాయన, కొందరు పరాయివాళ్ళ మెప్పు కోసం సొంత పిల్లల్ని అప్పగిస్తారని ఉత్తరం రాశాడు. బారీ పేరు మాత్రం రాయలేదు. మందిరంలో రెండు శనివారాలు బారీ పక్కన ఎవరూ కూర్చోలేదు. మూడో శనివారం బావమరిది హెరింగ్ గిన్నె పట్టుకుని వచ్చి కూర్చుని మళ్ళీ ప్రభుత్వాన్ని తిట్టడం మొదలెట్టాడు. ఎలేన్ ఆ రోజు ఏమీ అనలేదు. ఇంటికెళ్ళాక మాత్రం "నువ్వు చెప్పింది తప్పనడం లేదు. నువ్వే చెప్పాలా అంటున్నాను" అంది.

అవీవా డిసెంబరులో హాస్టల్ వదిలి ఊళ్ళో అద్దె గదికి మారింది. వెళ్ళేరోజు బారీయే పెట్టెలు మోశాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో అతను చెప్పలేదు.

దర్యాప్తు గురించి యూనివర్సిటీ మళ్ళీ ఏమీ ప్రకటించలేదు. థాచర్ హాల్‌లో కుళాయి కారినా, బల్బు పోయినా పిల్లలు చీటీ రాసి మెట్ల దగ్గరున్న డబ్బాలో వేయాలి. పైనున్న మూడంతస్తుల చీటీలు బారీ ఇప్పుడు రెండుసార్లు చదువుతాడు. ఒకసారి ఏం చెడిపోయిందో తెలుసుకోవడానికి. రెండోసారి అక్షరాలు చూడటానికి. లావు మార్కర్‌తో రాసినవి విడిగా తీసి సొరుగులో పెడతాడు. నాకు చూపించిన రోజున అవి నలభై ఒకటి ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి ఆ చెయ్యి రాసిందేనని అతనికి గట్టి నమ్మకం. రుజువు లేదు కాబట్టి ఎవరికీ చెప్పడు. ముందు వెళ్ళి కుళాయి బాగుచేసి వస్తాడు.